మానవరహిత నౌకలో ఒక సీటు

"ఇకమీదట యుద్ధంలో ఒక్క మనిషి కూడా చావడు. ఎందుకంటే యుద్ధంలో ఒక్క మనిషి కూడా ఉండడు" అని అంతరిక్ష రక్షణ శాఖ మంత్రిగారు ప్రకటించిన రోజున చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. ముందు వరసలో కాదు. ముందు వరస కుర్చీలకు రెగ్జిను తొడిగినవాణ్ణి కాబట్టి, వెనకాల నిలబడి ఎక్కడైనా కుట్టు విడుతుందేమో చూసుకుంటూ కొట్టాను.

మంత్రిగారి గొప్పతనం గురించి పత్రికల్లో పెద్ద పెద్దవాళ్ళు రాశారు. కానీ ఆయన తయారుచేయించిన నౌకను నా అంత దగ్గరగా చూసినవాళ్ళు తక్కువ. చూసి కూడా రాయకపోతే పాపం చుట్టుకుంటుందని కూర్చున్నాను. నేను రాస్తున్న చోట వెలుతురు అంతంతమాత్రం. అక్షరాలు వంకరపోతే సర్దుకోండి. మధ్యలో చిన్న చిన్న పనులు తగులుతుంటాయి, మాట తెగినా ఏమీ అనుకోకండి.

ఆ శాఖ వర్క్‌షాపులో ముప్ఫయ్యొక్కేళ్ళుగా సీట్లు కుడుతున్నాను. జీపుల సీట్లు, నౌకల సీట్లు, ఆఫీసర్ల కుర్చీలు, అన్నీ నా చేతిమీదుగా పోయినవే. యుద్ధం ఎందుకొచ్చిందో నాకు పెద్దగా తెలియదు. మన గ్రహానికీ పక్క గ్రహానికీ మధ్య ఒక రాయి తిరుగుతోంది. దానిమీద నీళ్ళు లేవు, మట్టి లేదు, నిలబడితే కాలు ఆనదట. అది మనదని మనం, వాళ్ళదని వాళ్ళు. అంత పనికిమాలిన రాయి కోసం కూడా వెనక్కి తగ్గకపోవడంలోనే మంత్రిగారి పట్టుదల తెలుస్తుంది.

మానవరహిత రోబో యుద్ధనౌక వస్తుందనగానే మా ఇంట్లో రెండు రకాల సంగతులు జరిగాయి. మా ఆవిడ ఊపిరి పీల్చుకుంది. ఆవిడ తమ్ముడు, అంటే మా బావమరిది, నౌక పైలట్. వాడు పైకి వెళ్ళిన ప్రతిసారీ ఆవిడ అన్నం ముద్ద దిగక సగానికి సగమయ్యేది. పైలట్లు అక్కర్లేదని వాణ్ణి సర్‌ప్లస్ లిస్టులో పడేసినందుకు ఆవిడ మంత్రిగారి ఫోటో పేపర్లోంచి కత్తిరించి గోడకు అంటించింది. బావమరిది మాత్రం దిగాలుపడి రోజూ నా షెడ్డుకొచ్చి ఫోము ముక్కలమీద కూర్చునేవాడు.

"మనిషి లేకుండా అది ఎలా ఎగురుతుంది బావా?"

"లోపల మెదడు ఉంటుందటరా."

"ఆ మెదడు టెండరు ఇంకా తెరవలేదు. నేను లోపల చూశాను. ఒక పెట్టె, దానిమీద ఎర్ర లైటు. అంతే."

"లైటు వెలుగుతోందా?"

"వెలుగుతోంది."

"మరింకేం" అన్నాను.

చిక్కు వేరే చోట వచ్చింది. ప్రారంభోత్సవానికి వారం ముందు డైరెక్టరుగారు నన్ను పిలిపించారు. చల్లని మనిషి, ఎవరిమీదా కేకలు వేయడు. రిజిస్టరు నా ముందు పెట్టి ఒక గడి చూపించారు. అందులో 'సీట్ల సంఖ్య' అని ఉంది.

"ఇక్కడ ఏం రాయమంటావు?"

"లేవు కదండీ. సున్నా రాయండి."

"సున్నా రాస్తే అది వాహనం కాదయ్యా, సామాను కింద జమ అవుతుంది. సామానుకు మంత్రిగారు రిబ్బను కత్తిరించకూడదు. స్టోర్‌కీపరు సంతకం పెట్టి గోడౌన్లో పెట్టుకోవాలి. మంత్రిగారు కత్తెర పట్టుకొని వస్తున్నారు. ఒక్క సీటు వెయ్యి."

వేశాను. తప్పంతా అక్కడే మొదలైందని మా ఆవిడ అంటుంది. నేను ఒప్పుకోను. నన్నడిగితే అంత మంచి సీటు నా జన్మలో కుట్టలేదు. నడుం దగ్గర రెండు వేళ్ళ మందం ఫోము ఎక్కువ పెట్టాను. నౌకకు తలుపు లేదు కాబట్టి, నక్షాలో లేని తలుపు పెడితే వెల్డరు ఉద్యోగం పోతుంది కాబట్టి, వెల్డరు పక్క రేకు కోసి, సీటు లోపల బిగించాక మళ్ళీ అతికేశాడు.

మంత్రిగారు రిబ్బను కత్తిరించారు. మూడో రోజు సిబ్బంది విభాగం నుంచి కాగితం వచ్చింది. సీటు ఉంటే పోస్టు ఉన్నట్టు. పోస్టు ఉంటే ఖాళీగా ఉంచరాదు. ఖాళీగా ఉంచితే వచ్చే ఏడాది రద్దు. ఏ ఆఫీసైనా ప్రాణమైనా వదులుకుంటుంది గానీ పోస్టు వదులుకోదు. సర్‌ప్లస్ లిస్టులో పై పేరు మా బావమరిదిది. హోదా 'సీటు సంరక్షకుడు'. పైలట్ అని రాయలేదు, రాస్తే నౌక మానవరహితం కాకుండా పోతుంది.

వెల్డరు రేకు మళ్ళీ కోశాడు. బావమరిది ఎక్కాడు. మళ్ళీ అతికాడు.

ఒక్క నిమిషం. బయట ఎవరో వచ్చినట్టున్నారు.

ఆ, అయిపోయింది. ఎక్కడున్నాం? నౌక పైకి లేచింది. ఎర్ర లైటు దాన్ని నడపదని తేలాక మా బావమరిదే నడిపాడు. పందొమ్మిది రోజులు. ఆ పందొమ్మిది రోజులూ మా ఆవిడ గోడమీది మంత్రిగారితో మాట్లాడలేదు.

ఇరవయ్యో రోజున రేడియోలో విజయవార్త. శత్రువు పారిపోయాడు, రాయి మనది, ప్రాణనష్టం సున్నా. నౌక వచ్చి మైదానంలో దిగింది. ఇసుక వేస్తే రాలనంత జనం. మంత్రిగారు మైకు పట్టుకొని నౌక దగ్గరికి వెళ్ళి, బిడ్డ వీపు ముద్దుగా తట్టినట్టు మూడుసార్లు తట్టారు.

లోపలినుంచి రెండుసార్లు తట్టిన చప్పుడైంది.

వెల్డరు వచ్చాడనుకున్నాడట పాపం మా వాడు. డైరెక్టరుగారి మొహంలో నెత్తురుచుక్క లేదు. మంత్రిగారు మాత్రం రెప్ప కూడా వేయలేదు. అందుకే ఆయన మంత్రి అయ్యారు, మనం కాలేదు.

"విన్నారా?" అన్నారు మైకులో. "ప్రజల ప్రేమకు యంత్రం కూడా కరిగిపోయి జవాబు చెబుతోంది."

ఇక జనాన్ని ఆపడం ఎవరితరం? మర్నాటినుంచి క్యూ. పొద్దున తొమ్మిదినుంచి సాయంత్రం ఆరుదాకా, మనిషికి మూడు తట్టులు. లోపలినుంచి రెండు. పిల్లలు కిలకిలా నవ్వేవాళ్ళు. ముసలమ్మలు చెంపలేసుకునేవాళ్ళు. మూడోరోజు సాయంత్రానికి జవాబు ఆలస్యంగా, నీరసంగా రావడం మొదలైంది. 'బ్యాటరీ తగ్గింది, సహకరించండి' అని బోర్డు పెట్టారు.

నేను ఉండబట్టలేక డైరెక్టరుగారి గదిలోకి వెళ్ళాను.

"సార్, లోపల మా వాడున్నాడండి."

ఆయన తలుపు మూసి, నన్ను కూర్చోమన్నారు. ముప్ఫయ్యొక్కేళ్ళలో అదే మొదటిసారి. నేను కుట్టిన కుర్చీయే, మెత్తగానే ఉంది.

"లోపల మనిషి ఉన్నాడంటే మంత్రిగారి మాట అబద్ధం. ఔనా?"

"ఔనండి."

"ఆ మాట అబద్ధమైతే విజయమూ అబద్ధమే. విజయం లేకపోతే యుద్ధం అయిపోనట్టు. యుద్ధం అయిపోకపోతే నౌక మళ్ళీ పైకి పోవాలి. నువ్వే చెప్పు, వాణ్ణి మళ్ళీ పంపమంటావా?"

వద్దన్నాను. ఆయన టీ తెప్పించారు.

కానీ ముప్ఫయ్యొక్కేళ్ళు ఊరికే పోతాయా? రూలు ఒకటి గుర్తొచ్చింది. ప్రయాణం చేసిన ఏ సీటుకైనా వారంలోగా కవరు మార్చాలి. మార్చకపోతే డైరెక్టరే సంజాయిషీ ఇచ్చుకోవాలి. స్లిప్పు రాసి పెట్టాను. ఆయన చాలాసేపు చూసి సంతకం చేశారు. కింద సొంత చేత్తో ఒక ముక్క రాశారు: 'సీటు మాత్రమే తీయవలెను. సీటు మీద ఏమున్నదో చూడరాదు.'

ఆయన చల్లని మనిషని అందుకే అన్నాను.

భోజన విరామంలో క్యూ ఆపి, వెల్డరూ నేనూ రేకు కోసి, సీటు ఊడదీసి, పైన టార్పాలిను కప్పి, ట్రాలీమీద పెట్టి జనం మధ్యనుంచే తోసుకొచ్చాం. "మెదడును సర్వీసింగుకు తీసుకెళుతున్నారు" అని ఎవరో అంటే దారిచ్చి దణ్ణం పెట్టారు. గేటు దగ్గర కాటా వేశారు. సీటుతో సహా తొంభై నాలుగు కిలోలు. షెడ్డులో టార్పాలిను తీస్తే మా బావమరిది కళ్ళు చికిలించి, "అక్క ఎలా ఉంది బావా?" అన్నాడు.

ఇంటికెళ్ళి కడుపునిండా తిన్నాక అసలు యుద్ధం గురించి చెప్పాడు. రాయి దగ్గర, మన నౌక నెత్తిమీదున్న చిన్న అద్దంలోంచి చూస్తే, శత్రువు నౌక ఎదురొచ్చిందట. అదీ మానవరహితమే. దాని అద్దంలోంచి ఒకతను డబ్బాలోది తింటూ కనబడ్డాడట.

"ఇద్దరం సిగ్గుపడిపోయాం బావా. కాసేపు ఎటో చూశాం. తర్వాత వాడు చేయి ఊపాడు. నేనూ ఊపాను. ఇద్దరం కలిసి రాయిని నాలుగు దెబ్బలు కొట్టి ఎవరి దారిన వాళ్ళం వచ్చేశాం. వాళ్ళ రేడియోలో కూడా వాళ్ళే గెలిచారట."

"వాడి సీటు ఎలా ఉంది?" అని అడిగాను. తప్పా? వృత్తి అలాంటిది.

"బాగుంది. కానీ నడుం దగ్గర నీదే మెత్తన."

ఆ మాటకు నా కళ్ళు చెమర్చాయి. వాడు అలాగే పక్కకు ఒరిగి నిద్రపోయాడు. పక్కింట్లో ఎవరో మేకు కొడుతున్నారు. వాళ్ళు మూడు దెబ్బలు వేసినప్పుడల్లా నిద్దట్లోనే మా వాడి వేళ్ళు మంచం పట్టెను రెండుసార్లు తడుతున్నాయి. మా ఆవిడ ఆ చేతిని పట్టుకొని పక్కనే కూర్చుంది.

నేను షెడ్డుకు తిరిగి వచ్చేసరికి డైరెక్టరుగారు నిలబడి ఉన్నారు. భోజన విరామం తర్వాత జనం ఎంత తట్టినా నౌక పలకలేదట. పిల్లలు ఏడుపు. యంత్రానికి కోపమొచ్చిందని ముసలమ్మలు. పైగా రేపు మంత్రిగారు ఏడు దేశాల అతిథులను వెంటబెట్టుకొస్తున్నారు, తట్టించడానికి.

"రేపు పదిగంటలకల్లా సీటు ఎలా తీశావో అలా పెట్టాలి" అన్నారు.

"సీటు మాత్రమే తీశానండి."

"ఔను. సీటు మీద ఏముందో నేను చూడలేదు. రేపు కూడా చూడను. కానీ కాటా చూస్తాను. తొంభై నాలుగు రాసుంది. తొంభై నాలుగు ఎక్కాలి."

ఇంటికొచ్చి చెప్పాను. మా ఆవిడ తమ్ముడి వంక చూసింది, నా వంక చూసింది.

"వాణ్ణి లేపకండి" అంది.

"లేపను."

"ఒక్క రోజేనా?"

"అతిథులు వెళ్ళేదాకా."

క్యారేజీలో రెండు గిన్నెలు ఎక్కువ సర్దింది. సీటు ఇరవై రెండు, నేను అరవై ఆరు. కత్తెర, సుత్తి, నీళ్ళ సీసా, క్యారేజీ కలిపి ఆరు. కాటా ముల్లు తొంభై నాలుగు దగ్గర అంగుళం కూడా కదలకుండా నిలబడింది. డైరెక్టరుగారు సంతకం చేశారు. వెల్డరు అతికాడు.

అతిథులు వెళ్ళి ఆరు రోజులైంది.

సీటు నిజంగా బాగుంది, నాదే కదా అని చెప్పడం లేదు. నౌక నేలమీద ఉన్నప్పుడు గాలికని తెరిచే కన్నం ఒకటుంది. మా ఆవిడ రోజూ క్యూలో వచ్చి, అందులోంచి తినడానికేదో తోసి, ఈ కాగితాలు లాక్కుంటుంది. బావమరిది లేవగానే డైరెక్టరుగారి దగ్గరికి పరుగెత్తి, "నన్నే పంపండి సార్" అన్నాడట. "ఆ పోస్టు ఇప్పుడు ఖాళీ లేదు బాబూ, నువ్వు సర్‌ప్లస్" అన్నారట ఆయన. రూలు రూలే.

నిన్న మంత్రిగారు నౌక పక్కనే నిలబడి మాట్లాడారు, అందుకని ప్రతి ముక్కా స్పష్టంగా వినబడింది. శత్రువు ఆ రాయి తనదే అంటున్నాడట. సోమవారం రెండో ప్రయోగం. "ఈసారీ ఒక్క మనిషి కూడా వెళ్ళడు" అన్నారు. నేనూ చప్పట్లు కొట్టబోయాను గానీ బెల్టు బిగుతుగా ఉంది. నాకు నౌక నడపడం రాదని స్లిప్పు రాసి కన్నంలోంచి పంపాను. నౌక దానంతటదే నడుస్తుందని డైరెక్టరుగారు వెంటనే జవాబిచ్చారు. ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది.

ఇందాక మా ఆవిడ వచ్చింది. అందరూ మూడు తడతారు, ఆవిడ ఒక్కటే తడుతుంది, అలా గుర్తు. నేను రెండు కొట్టాను. ఆవిడ వెళ్ళలేదు. వెనకాల వాళ్ళు గొణుక్కుంటున్నా కదలకుండా మళ్ళీ ఒకటి తట్టింది. ఎప్పుడొస్తారని అడుగుతోందని తెలుసు. దానికి ఎన్ని కొట్టాలో మేం అనుకోలేదు.

మళ్ళీ రెండే కొట్టాను. బయట జనం చప్పట్లు కొట్టారు.