పది గడులు, పది రుమాళ్లు

ఆదివారం ఉదయం ఆరు గంటలకు మేబెల్ టీచర్ దగ్గర తిరుగులేని పథకం ఉంది. సైనిక్‌పురిలో తన కాలనీ పార్కు మూలన మోకాలెత్తు పెరిగిన పిచ్చిమొక్కలు తీయించి టైల్స్ పరిపించాలని అసోసియేషన్ ప్రెసిడెంట్ డేవిడ్ రాజు పంతం పట్టాడు. పదింటికి మీటింగు. "లాన్‌లో తొమ్మిది రకాల మొక్కలున్నాయన్నారుగా. ఈ మూలలో దానికి రెట్టింపు చూపించండి. టైల్స్ మాటెత్తితే ఒట్టు" అని ఆ రిటైర్డ్ సుబేదారు సవాలు విసిరాడు.

మేబెల్ ముప్ఫై ఏళ్లుగా వృక్షశాస్త్రం చెబుతోంది. ప్రతి మొక్కనూ లెక్కపెట్టనక్కర్లేదని ఆమెకు తెలుసు. అక్కడక్కడా మీటరు పొడవు, మీటరు వెడల్పు గడులు కట్టి, వాటిలోని రకాలు రాసుకుంటే చాలు. పురికొసతో పది గడులు కట్టింది. ఒక్కోదానికీ ఒక నంబరు అట్ట గుచ్చింది. అంతలో చర్చికి వేళైంది.

"యాదగిరీ, తొమ్మిదింటికల్లా వచ్చేస్తా. వీటిలో ఎవర్నీ కాలు పెట్టనివ్వకు."

"లెక్కబెట్టే పోరాదు మేడం?" అన్నాడు వాచ్‌మన్.

"గడ్డికేమన్నా కాళ్లున్నాయా, పారిపోవడానికి?" అని మేబెల్ స్కూటీ ఎక్కింది.

గడ్డికి లేవు. కాలనీకి ఉన్నాయి.

ఆరున్నరకు వాకింగుకొచ్చిన జగదాంబ టక్కున ఆగింది. "ఏంటయ్యా ఈ నంబర్లు?"

"ఏమో అమ్మా, మేడం ఏసిన్రు. ఎవ్వర్నీ కాలు పెట్టనియ్యొద్దన్నరు."

కాలు పెట్టనివ్వొద్దంటే ఏదో విలువైనదే. భీమవరం నుంచి వచ్చి పాతికేళ్లయినా సొంత కూరమడి లేదన్న బెంగ జగదాంబకు తీరలేదు. "కూరమళ్లు పంచుతున్నారన్నమాట! నాకు చెప్పకుండానే!" ఆర్టీసీ బస్సు కిటికీలోంచి సీట్లు పట్టిన చేయి అది. గురి తప్పలేదు. రుమాలు వెళ్లి మూడో నంబరు గడిలో పడింది.

ఏడింటికల్లా పది గడులూ నిండాయి. రుమాళ్లు, తువ్వాళ్లు, ఒక హెల్మెట్, ఒక చేతికర్ర. ఆలస్యంగా వచ్చినవాళ్లు వెయిటింగ్ లిస్టు రాయమన్నారు. "జెర ఆగుండ్రి సార్, నన్నెందుకు పరేషాన్ జేస్తరు!" అని యాదగిరి మొత్తుకున్నాడు. ఒట్టి రుమాలైతే ఎవరైనా తీసేస్తారని, శుభ్రం చేసి చూపిస్తే ఇక తిరుగుండదని ఎవరో అన్నారు. అంతే, పీకుడు మొదలైంది.

మేబెల్ తిరిగొచ్చేసరికి పది గడులూ గుండు కొట్టించుకున్నట్టు నున్నగా ఉన్నాయి. ఆమె చేతిలోని భూతద్దం జారిపోయింది.

"చూశావా టీచరమ్మా, మూడోది నాదే! మెంతులు జల్లేస్తా."

"జగదాంబ గారూ, అవి నా మొక్కలండీ!"

"ఈ కలుపంతా నీదా? అయితే పట్టుకుపో. ఎవరి కుప్ప వాళ్ల గడి పక్కనే పెట్టాం. పనిచేశామనడానికి సాక్ష్యం ఉండొద్దూ?"

మేబెల్ చూసింది. గడికో కుప్ప, నంబరు ప్రకారం! అక్కడే చతికిలబడి రాయడం మొదలుపెట్టింది. గరిక, గలిజేరు, తుమ్మి, పల్లేరు, అత్తిపత్తి, నేలఉసిరి, ఉత్తరేణి... పదికి ఐదు నిమిషాలుందనగా పెన్ను మూసింది. ఇరవై ఆరు.

"గెలిచారు టీచర్ గారూ" అన్నాడు డేవిడ్ రాజు, మీసం కింద నవ్వుతూ. "కానీ అవన్నీ కుప్పల్లో ఉన్నాయి. గడుల్లో ఇప్పుడు సున్నా. సున్నా మీద టైల్స్ వేసుకోవచ్చుగా?"

జగదాంబ ముందుకొచ్చింది. "నా మూడో నంబరు మీద టైల్సా? ఏదీ, వెయ్యండి చూద్దాం!" ఆమె వెనకాల మరో ఎనిమిది మంది లేచారు.

"ఏడో నంబర్ మీద సుత ఏస్తరా సార్?" యాదగిరి అమాయకంగా అడిగాడు.

ఏడో నంబరులో సుబేదారు గారి చేతికర్ర పడుకుని ఉంది. ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఏడోదాన్ని... వదిలేద్దాంలే. టమాటాలు అనుకున్నా."

"అన్నీ వదిలేద్దాం" అంది మేబెల్. "గడులు మీవే. కానీ ఈ వానాకాలం వెళ్లేదాకా ఏమీ నాటకూడదు, పీకకూడదు. విత్తనాలు మట్టిలోనే ఉన్నాయి. వారం వారం లెక్కేస్తా. ఎవరి గడిలో ఎక్కువ రకాలు మొలుస్తాయో చూద్దాం."

జగదాంబ అప్పుడే నాలుగో నంబరు వైపు ఓరగా చూస్తోంది.

ఆ సాయంత్రం మేబెల్ నివేదిక రాసింది. జీవవైవిధ్యాన్ని ప్రభావితం చేసే అంశాలు అన్నచోట ఎండ, నీడ, నేల, వాన అని రాసి, కాసేపు ఆలోచించి, ఐదోది చేర్చింది: చేతిరుమాలు.