స్నేహానికి ఆకుపచ్చ బ్యాడ్జీ

పిల్లలందరినీ ఒకే గదిలో కలిపి కూర్చోబెట్టడం నాగరికత సాధించిన మహత్కార్యాల్లో ఒకటి. అందులో చిక్కల్లా ఒక్కటే. కలపాలంటే ముందు ఎవరు వేరో తేల్చాలి. ఈ భారాన్ని సమ్మిళిత విద్యా విభాగం వారు నెత్తిన వేసుకున్నారు. (వారి కార్యాలయం మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు. చక్రాల కుర్చీలో వచ్చేవారు కింద నుంచి కేక వేయవచ్చు.)

ఇవన్నీ నాకెలా తెలుసంటే, నా మేనకోడలు మూడో తరగతి చదివే బడిలో నేను తల్లిదండ్రుల కమిటీ సభ్యుణ్ణి. (నాకు పిల్లల్లేరు. కానీ తీరిక ఉన్నది నాకొక్కడికే.) మా మేనకోడలికి పుట్టుకతోనే చెవులు వినపడవు. ఇంట్లో దాన్ని వాగుడుకాయ అంటాం. చేతులతో అది చెప్పే కబుర్లకు అంతూ పొంతూ ఉండదు. వాటిని చివరిదాకా అర్థం చేసుకునేది మా అక్క ఒక్కతే. నాకూ మూడు సైగలు వచ్చు: తిను, పడుకో, వద్దు. పెద్దవాళ్ళకి పిల్లలతో అంతకు మించి పనేముంటుంది గనక!

అది బడిలో చేరగానే విభాగం వారు ‘అధికారిక స్నేహితుల’ పథకం పెట్టారు. హాజరుపట్టీ వరుసలో రోజుకొకరు ఆకుపచ్చ బ్యాడ్జీ తగిలించుకుని దాని పక్కన కూర్చోవాలి. చిరునవ్వు నవ్వాలి. రబ్బరు అడక్కుండానే ఇవ్వాలి. ఎట్టి పరిస్థితుల్లోనూ పోట్లాడకూడదు. చివరి గంట కొట్టగానే బ్యాడ్జీ ఆఫీసులో అప్పగించాలి, అక్కడితో ఆనాటి స్నేహం సమాప్తం. కొన్నాళ్ళు అంతా సజావుగానే సాగింది. రోజూ ఎవరో ఒకరు దాన్ని చూసి నవ్వేవారు, ఎవరూ దానితో మాట్లాడేవారు కాదు. నివేదికలో ఈ దశను ‘సంతృప్తికరం’ అన్నారు.

తర్వాత రెండు జడల పిల్ల వంతు వచ్చింది. ఆ పిల్ల బ్యాడ్జీ ఛాతీ మీద ఉండగానే ఉయ్యాల దగ్గర మా వాగుడుకాయని తోసేసింది. ఇది ఊరుకునే రకమా! రెండు చేతులతోనూ సైగల్లో తిట్టి దులిపి పారేసింది. తనని ఏమని తిట్టారో తెలియకపోతే ఎవరికైనా నిద్రెలా పడుతుంది? మర్నాడు రెండు జడలు వచ్చి ఆ తిట్లన్నీ ఒక్కొక్కటే చెప్పించుకుని, నేర్చుకుని, వాటితోనే బదులిచ్చింది. ఆ రోజు నుంచి ఇద్దరూ ఒకే బెంచీకి అతుక్కుపోయారు. (పోట్లాట పథకంలో లేదు కనుక దీన్ని నివేదికలో చేర్చలేదు.)

వానలు వెనకబట్టేసరికి క్లాసంతా చేతులతోనే కబుర్లు. క్లాసు టీచరు బోర్డు వైపు తిరిగితే గదిలో చీమ చిటుక్కుమన్నా వినపడేది. “మా పిల్లలంత బుద్ధిమంతులు ఎక్కడా ఉండరండీ” అని ఆవిడ నా దగ్గర మురిసిపోయింది. ఆవిడ వీపు వెనక సాగే సంత నేను కిటికీలోంచి చూశాను గనక, అవునండీ అన్నాను.

అప్పుడు పథకం సామాజిక ప్రభావాలను కొలవడానికి విభాగం నుంచి అధికారి గారు వచ్చారు. గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశారు.

“ఇంతకీ ఆ పాప ఏదండీ?”

“అదిగో సార్, కిటికీ పక్కన” అంది హెడ్మిస్ట్రెస్.

“చేతులు ఊపుతున్న పిల్లేనా?”

“కాదు సార్, ఆ పిల్ల మామూలుదే. పక్కన నవ్వుతోంది చూడండి, ఆ పిల్ల.”

“తేడా ఏం కనపడట్లేదే!”

హెడ్మిస్ట్రెస్ అది మెచ్చుకోలనుకుని సిగ్గుపడింది. కాదు, అభ్యంతరం. ప్రత్యేక అవసరాలు గలవారు కనీసం ఒక్కరైనా కంటికి కనపడని తరగతిలో ప్రత్యేక సీటు ఉండటానికి వీల్లేదట. వారంలోగా చూపించకపోతే సీటు రద్దు చేసి, పిల్లని ఊరి అవతల వేరే బడికి పంపుతామన్నారు.

హెడ్మిస్ట్రెస్ తెలివైనది. బోర్డు ముందు ఒక విడి కుర్చీ వేయించింది, నీలం రిబ్బను తెప్పించింది. తనిఖీ జరిగే పూట వాగుడుకాయ రిబ్బను కట్టుకుని ఆ కుర్చీలో ఒంటరిగా కూర్చోవాలి. ఈ కబురు మందుల షాపులో కౌంటరు వెనక ఉన్న మా అక్కకి నేనే చేరవేయాల్సి వచ్చింది.

“అంటే ఏంట్రా, కలిసిపోయిందని వేరు చేస్తారా?”

“ఒక్క పూటే కదక్కా.”

“సరే. ఆ పిల్ల పక్కనుంచి ఎందుకు లేపుతున్నారో దానికి నువ్వే చెప్పు. నా చేతులు రావు.”

నాకొచ్చిన మూడు సైగల్లో అక్కడ పనికొచ్చేది ‘వద్దు’ ఒక్కటే. నాకు కడుపు మండింది, కానీ కమిటీలో కడుపుమంటకి ఓటు లేదు.

తనిఖీ రోజున అది ఆ కుర్చీలో కూర్చుంది. రిబ్బను ఒక చెవి మీదికి జారింది. మాటిమాటికీ వెనక్కి తిరిగి కిటికీ పక్క బెంచీ చూసుకుంటోంది. అధికారి గారు వంగి, దాని మొహంలో మొహం పెట్టి, నోరు ఇంత తెరిచి అడిగారు.

“నీ... కు... స్నే... హి... తు... లు... ఉ... న్నా... రా?”

అది కాసేపు ఆయన్ని పరీక్షగా చూసి, చేతులతో ఏదో అంది. క్లాసు క్లాసంతా పగలబడి నవ్వింది.

“ఏమందండీ?” అధికారి గారు టీచర్ని అడిగారు. టీచరు హెడ్మిస్ట్రెస్‌ని చూసింది. హెడ్మిస్ట్రెస్ నన్ను చూసింది. నేను ఫ్యాను చూశాను.

రెండు జడలు లేచింది. “మీకు పంటి నొప్పా అని అడుగుతోంది సార్. మాటలు రాకపోయినా పర్లేదట, పక్కన కూర్చుంటే నేర్పుతానంటోంది.”

అధికారి గారు నిక్కచ్చి మనిషి. నిబంధనల పుస్తకం తీసి అక్కడికక్కడే చదివారు: తరగతిలో జరిగే సంభాషణను తోటివారి సాయం లేకుండా అందుకోలేనివారు ప్రత్యేక అవసరాలు గలవారు. వయసు ప్రస్తావన ఎక్కడా లేదు. ఒక్కరు కావలసిన చోట నలుగురు తేలారు: టీచరు, హెడ్మిస్ట్రెస్, నేను, ఆయన. సీటు ఖాయమైంది. వాగుడుకాయ రిబ్బను పీకి నా చేతిలో పెట్టి, తన బెంచీకి పరిగెత్తింది.

మా నలుగురికీ వారానికో పూట క్లాసులో కూర్చోవాలని ఉత్తర్వులు వచ్చాయి. నాకు కేటాయించిన అధికారిక స్నేహితురాలు మా మేనకోడలే. ఆకుపచ్చ బ్యాడ్జీ తగిలించుకుని వచ్చింది. చిరునవ్వు నవ్వింది. రబ్బరు అడక్కుండానే ఇచ్చింది. చివరి గంట కొట్టారని రెండు జడలు సైగ చేయగానే, బ్యాడ్జీ ఆఫీసులో అప్పగించి వెళ్ళిపోయింది.