గోడలో ఏముందో మనకెందుకు?

కొత్తిల్లు కట్టుకునే పెద్దమనుషులందరికీ నాదొకటే సలహా. గోడల్లో ఏ పైపు ఎటు పోతోందో, ఏ వైరు ఎక్కడ మలుపు తిరుగుతోందో పొరపాటున కూడా తెలుసుకోకండి. తెలియకపోవడంలో ఉన్న ప్రశాంతత తెలుసుకోవడంలో లేదు. నేను తెనాలిలో ఇల్లు కట్టి, ఆ ప్రశాంతతను స్వయంగా అనుభవించి మరీ చెబుతున్నాను.

ఇల్లంటే ఏంటండీ? ఎలివేషన్! దారినపోయేవాడు బండి ఆపి చూడాలి. లోపల నీళ్ల లైను ఎక్కడుందో చూడటానికి ఎవడైనా బండి ఆపుతాడా?

అందుకే మా ఇంజనీరు హేమంత్, నేను కలిసి ఎలివేషన్ మీద నాలుగు నెలలు ఆలోచించాం. పోర్టికో గ్రానైట్ కోసం మూడు ఊళ్లు తిరిగాం. ముందు గోడ రంగు పదకొండుసార్లు మార్చాం. నీళ్లు, గీజర్, కరెంటు లైన్ల సంగతి అడిగితే, అవన్నీ సైట్లో చూసుకోవచ్చు సార్ అన్నాడు హేమంత్. చదువుకున్న కుర్రాడు. కాగితం మీద గీత గీయకుండానే లైన్లు వేయించగలిగినవాడు ఇంజనీరు కాక మరేమిటి?

ఇక్కడ మా ఆవిడ నాగజ్యోతి గురించి ఒక మాట చెప్పాలి. ఆవిడ పొన్నూరు హైస్కూల్లో ఇరవై రెండేళ్లుగా పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతోంది. కరెంటు అంటే ఏమిటి, అది ఎందులోంచి పారుతుంది, మనిషికి ఎప్పుడు తగులుతుంది వంటి విషయాలు బోర్డు మీద బొమ్మలు వేసి మరీ వివరిస్తుంది. కనుక ఇంట్లో కరెంటు గురించి ఆవిడను అడగవలసిన అవసరం ఎవరికీ కనిపించలేదు.

అడగకపోయినా ఆవిడ రెండు కోరికలు కోరింది. గోడలకు గాడి కొట్టకముందు ప్లంబర్‌నీ, ఎలక్ట్రీషియన్‌నీ ఒకరోజు కలిపి పిలవమంది. ఎవరి లైను ఎటు వెళ్లాలో సుద్దముక్కతో గోడ మీద గీయిస్తానంది. రెండోది, పోర్టికో పక్కన గొయ్యి తవ్వించి, ఎక్కడైనా కరెంటు లీకైతే భూమిలోకి పోయేలా ఎర్తింగ్ వేయించమంది.

మొదటి దానికి టైము లేదన్నాను. గృహప్రవేశానికి ముహూర్తం పెట్టేశాం కదా! రెండోదానికి నాకు నిజంగానే కోపం వచ్చింది. మూడు ఊళ్లు తిరిగి తెచ్చిన గ్రానైట్ పక్కన గొయ్యా? తర్వాత ఎప్పుడైనా చూద్దామన్నాను. ఆవిడ బ్యాగు తగిలించుకుని పొన్నూరు బస్సు ఎక్కేసింది. వాదనలో గెలిచానని ఆరోజు ఆనందించాను.

మా ప్లంబర్ ఇస్సాకుది బాపట్ల. మా ఎలక్ట్రీషియన్ రియాజ్‌ది రేపల్లె. ఇద్దరూ పనిమంతులే. ఒకరు వచ్చిన రోజున రెండోవారు రాకుండా హేమంత్ ఎంతో శ్రద్ధగా ఏర్పాటు చేశాడు. ఇస్సాకు ఒక సోమవారం వచ్చి, గీజర్ నుంచి వంటింటికి వేడినీళ్ల పైపు హాలు గోడలోంచి తీసుకుపోయాడు. గాడి ఇంకా పూడ్చలేదు. గురువారం రియాజ్ వచ్చాడు. గోడలో గాడి ఉంది. కొట్టిన గాడి ఉండగా ఇంకోటి ఎందుకని హేమంత్ ఫోన్లోనే చెప్పేశాడట. కరెంటు వైర్ల పైపు కూడా అందులోనే పడుకోబెట్టి సిమెంటు పూసేశారు.

గృహప్రవేశం ఘనంగా జరిగింది. వచ్చినవాళ్లంతా ఎలివేషన్‌ను మెచ్చుకున్నారు. బాత్రూం గీజర్ స్విచ్ హాల్లో సోఫా వెనక తేలిందని గాని, వంటింట్లో వేడినీళ్లు రావాలంటే ముందు రెండు బకెట్ల చన్నీళ్లు పారబోయాలని గాని ఎవరికీ తెలియదు. ఇల్లు అందంగా ఉన్నప్పుడు ఆమాత్రం చన్నీళ్లు ఒక లెక్కా?

మూడు వారాలు గడిచాయి. ఒక ఆదివారం పొద్దున నాకు ఒక మంచి ఆలోచన వచ్చింది. కిందటేడు ఒక సాహితీ సంస్థ వారు నాకు శాలువా కప్పుతున్న ఫోటో ఒకటుంది. దాన్ని హాల్లో సరిగ్గా మధ్యలో తగిలించాలనుకున్నాను. డ్రిల్లింగ్ మిషన్ తెచ్చి, ప్లాస్టిక్ స్టూలెక్కి, గోడకు కన్నం పెట్టాను.

ముందు దుమ్ము వచ్చింది. తర్వాత వేడినీళ్లు వచ్చాయి. ఆ తర్వాత గోడలో చిటపటమని చప్పుడైంది.

అదే సమయంలో మా అత్తగారు మాణిక్యాంబగారు బాత్రూంలో ముఖం కడుక్కుంటున్నారు. డెబ్బై నాలుగేళ్లు ఆవిడకి. లోపలినుంచి “అమ్మాయ్, కుళాయి నా చెయ్యి పట్టుకుంది” అన్న మాట వినిపించింది. తర్వాత పడిన చప్పుడు వినిపించింది.

నేను స్టూలు మీదే ఉన్నాను. మెయిన్ స్విచ్ ఎక్కడుందో నాకు తెలియదు. నాలుగు నెలలు ఆ ఇంటి గురించే ఆలోచించిన మనిషిని! నాగజ్యోతి వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, నన్ను దాటుకుని మెట్ల కిందికి వెళ్లి మెయిన్ ఆపింది. ఆ తర్వాతే బాత్రూం తలుపు తోసింది. అత్తగారు గోడకు జారగిలబడి ఉన్నారు. స్పృహలోనే ఉన్నారు గాని కుడి మణికట్టు వాలిపోయి ఉంది. అప్పటికి గాని నేను స్టూలు దిగలేదు.

ఆస్పత్రిలో ఎముక చిట్లిందని కట్టు కట్టారు. ఇంకో రెండు క్షణాలు ఆ కుళాయి పట్టుకుని ఉంటే ఏమయ్యేదో డాక్టరుగారు చెప్పబోయి, మా ఆవిడ ముఖం చూసి ఊరుకున్నారు. నేను ప్లాస్టిక్ స్టూలు మీద నిలబడబట్టే ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానని ఇంటికొచ్చాక నాగజ్యోతే చెప్పింది.  

మర్నాడు ఇస్సాకును, రియాజ్‌ను పిలిపించాను. తప్పు ఎవరిదో తేల్చేద్దామని ముందుగానే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. హేమంత్‌కు ఫోన్ చేస్తే, ఇంకో సైట్లో ఎలివేషన్ పనిలో ఉన్నానన్నాడు.

ఇద్దరూ గోడ పగలగొట్టి లోపలికి చూశారు. రెండు పైపులూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. రెండింటికీ ఒకటే కన్నం. అందులోంచే కరెంటు నీళ్లలోకి దిగి బాత్రూం కుళాయిదాకా పోయింది.

“ఈ గోడలో నువ్వున్నావని నాకు తెలీదు భాయ్” అన్నాడు ఇస్సాకు.

“నాకూ తెలీదన్నా. పైపు కనిపించింది గానీ, గాడి ఉందిగా అందులోనే వేసెయ్యమన్నారు ఇంజనీరుగారు” అని రియాజ్ నావైపు తిరిగాడు. “మమ్మల్నిద్దర్నీ ఒకసారి కలిపి పిలవమని మేడం ముందే చెప్పారటండి. ఎర్తింగ్ గురించి నేనూ రెండుసార్లు అడిగా. గ్రానైట్ పాడవుద్దన్నారు మీరు.”

తప్పు ఎవరిదో తేలింది. కుర్చీలోంచి లేచాను.

ఆ వారమంతా నాగజ్యోతి సెలవు పెట్టింది. సుద్దముక్క పట్టుకుని గది గదికీ వాళ్లిద్దరితో తిరిగింది. నీళ్లు ఒక గోడకి, కరెంటు ఇంకో గోడకి మార్పించింది. పోర్టికోలో రెండు గ్రానైట్ పలకలు లేపించి గొయ్యి తవ్వించింది.  దారినపోయేవాళ్లు ఇప్పుడు నిజంగానే బండి ఆపి, ఆ గొయ్యి ఎందుకని అడుగుతున్నారు.

అంతా బాగుచేశారని చెప్పినా మా అత్తగారికి మాత్రం ధైర్యం చాలడం లేదు. మొన్న పొద్దున కట్టుతో ఉన్న చెయ్యి గుండెకు ఆనించుకుని, ఎడం చేత్తో బ్రష్షు పట్టుకుని, నేను పేపరు చదువుతున్నచోటికి వచ్చి నిలబడ్డారు.

“బాబూ, ఇల్లు కట్టించింది మీరు కదా. ఆ కుళాయి ఇప్పుడు ముట్టుకోవచ్చంటారా?” అన్నారు.

పేపరు మడిచి పక్కన పెట్టాను.

“ఉండండి అత్తయ్యా, మీ అమ్మాయిని అడిగి చెబుతాను” అన్నాను.