కుట్టిన బంగాళాదుంపలు

సోమవారం పొద్దున కాఫీ గ్లాసు కింద పెడుతూ పుస్తకాల బైండరు ఒక నిర్ణయం ప్రకటించాడు.

"ఇవాళ వంట నేను చేస్తాను."

పళ్ళేలు తుడుస్తున్న భార్య చెయ్యి ఆగిపోయింది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన వంటింట్లోకి వచ్చింది రెండే పనుల మీద. ఒకటి మంచినీళ్ళు తాగడానికి, రెండోది అట్టలు అంటించే మైదా జిగురు ఉడకబెట్టుకోవడానికి. ఆ జిగురు కూడా రెండుసార్లు మాడ్చాడు.

"వంటంతానా?" అంది ఆవిడ అనుమానంగా.

"అంతా కాదులే. ఆ దుంపలు ఒక్కటే. అమ్మడు నీకు రాసిచ్చింది చూడు, అవి."

అమ్మడు వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. ఆమె రాసిచ్చిన కాగితం ఫ్రిజ్ తలుపుకు నెల రోజులుగా అంటుకుని ఉంది. బంగాళాదుంపను ముక్కలు చెయ్యకుండా, మొత్తంగానే ఉంచి, పైనుంచి సన్నగా వరసగా గాట్లు పెట్టాలి. అడుగు మాత్రం తెగకూడదు. వెన్న రాసి ఓవెన్‌లో పెడితే గాట్లన్నీ పుస్తకం పేజీల్లా విచ్చుకుని, అంచులు కరకరలాడుతూ, లోపల మెత్తగా ఉడుకుతుంది. ఆమె పనిచేసే హోటల్లో అది పెద్ద పేరున్న వంటకం.

కింద బైండింగు షాపు, పైన రెండు గదుల ఇల్లు. అమ్మడు పదేళ్ళ వయసు నుంచీ ఆ షాపులో తండ్రి పక్కన కూర్చుని కోత, కుట్టు నేర్చుకుంది. రెండేళ్ళ కిందట ఒక రోజు వచ్చి, హోటల్ వంటింట్లో పనికి చేరుతున్నానంది. బైండరుకు కోపం వచ్చింది. "కూరలు తరగడానికి ఇంత మంచి చెయ్యి ఎందుకే? ఆ పని ఎవరైనా చేస్తారు," అన్నాడు. అన్న మరుక్షణమే అనకుండా ఉండాల్సింది అనుకున్నాడు. అమ్మడు మాత్రం బట్టలు సర్దుకుని వెళ్ళిపోయింది.

అప్పటి నుంచీ సెలవు దొరికిన ప్రతి సోమవారం వస్తుంది, గుమ్మం దగ్గరే నిలబడి తల్లితో పది నిమిషాలు మాట్లాడి వెళుతుంది. ఆ ఇంట్లో కూర్చుని ముద్ద తిని రెండేళ్ళయింది. పోయిన వారం తల్లి బతిమాలగా, ఈ సోమవారం ఒంటిగంటకు భోజనానికి వస్తానని ఒప్పుకుంది. ఒక షరతు పెట్టింది. "నా పని గురించి నాన్న ఒక్క మాట అన్నాడో, అదే ఆఖరు. మళ్ళీ మెట్లెక్కను."

అది అనే మనిషే, చేసే మనిషి కూడానూ. ఆ సంగతి బైండరుకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

నిజానికి ఆయన రెండేళ్ళుగా ఒక మాట చెప్పాలని చూస్తున్నాడు. తప్పు నాదే అని చెప్పాలి, అంతే. కూతురు గుమ్మంలో కనిపించిన ప్రతిసారీ ఆ మాట గొంతు దాకా వచ్చేది, పళ్ళ దగ్గరికి రాగానే "వాన వచ్చేలా ఉంది" అని బయటపడేది. నోటితో కాని పని చేత్తో అవుతుందేమోనన్న ఆశతో ఇవాళ దుంపల మీద పడ్డాడు. అమ్మడి వంటకం అమ్మడికే చేసిపెడితే, ఆ పని అంటే తనకు గౌరవమేనని అదే అర్థం చేసుకుంటుంది.

"అదెంత తేలిక పనో చూపిద్దామని కాదు కదా?" అంది భార్య.

"ఛ ఛ! ఏం మాటలవి?"

"మీ మీద నాకు నమ్మకం లేదు. ఇంట్లో వెన్న లేదు, తెస్తాను. నేను వచ్చేదాకా ఓవెన్ ముట్టుకోకండి," అని సంచీ పట్టుకుని వెళ్ళింది.

బైండరు కింద నుంచి తన కత్తి తెచ్చుకున్నాడు. సబ్బుతో రెండుసార్లు కడిగాడు. కాగితం చదివాడు. "దుంపకు అటొకటి ఇటొకటి చెక్క పుల్లలు పెట్టు. కత్తి పుల్లల మీద ఆగుతుంది" అని రాసి ఉంది. ఆయనకు నవ్వొచ్చింది. పుల్లలు పెట్టుకుని కోసేది కోత నేర్చుకునేవాళ్ళు. మూడు దశాబ్దాల చేతికి పుల్లలేమిటి?

మొదటి దుంప మీద కత్తి పెట్టాడు. సన్నగా, సమానంగా, అందంగా దిగింది. అడుగు దాకా దిగింది. ఇరవై ఎనిమిది బిళ్ళలు పక్కకు ఒరిగిపోయాయి.

రెండోదీ అంతే. మూడోదాన్ని కోస్తూ "ఆగు, ఆగు" అని చేతికి పైకే చెప్పాడు. చెయ్యి వినలేదు. అది ఆ చేతి తప్పు కాదు. బైండింగులో ఆఖరి కాగితం సగం తెగి వేలాడితే అంతకు మించిన అప్రతిష్ఠ లేదు. కత్తి చెక్కను తాకితే గాని కోత పూర్తయినట్టు కాదు. ఆ చెయ్యి ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి కూడా మధ్యలో ఆగలేదు. ఇప్పుడు ఆగమంటే ఎలా ఆగుతుంది? పద్నాలుగు దుంపలు బిళ్ళలయ్యాక, భార్య చూస్తే పరువు పోతుందని, వాటన్నిటినీ షాపులో కాగితపు ముక్కలు వేసే గోనెసంచీలో కుక్కి దాచేశాడు.

మిగిలినవి ఆరు. ఇప్పటికైనా పుల్లలు పెట్టుకోవచ్చు. పెట్టుకోలేదు. ఆ ఆరూ కూడా అడుగు దాకా తెగాయి.

అప్పుడాయన తలపట్టుకుని కూర్చుని ఆ బిళ్ళల దొంతరలను చూశాడు. వరస తప్పని విడి పేజీలు. వీపు లేని పుస్తకాలు. విడి పేజీలు తన దగ్గరికి వస్తే తనేం చేస్తాడు? కుడతాడు. ఇంత చిన్న విషయం ఇప్పటిదాకా తట్టనందుకు తనను తానే తిట్టుకున్నాడు.

పచ్చి దుంప తడికి సూది జారుతోంది. అందుకని ఒక్కో దుంపనూ తడి పీల్చే అద్దుడు కాగితంలో చుట్టి, కింద షాపులోకి తీసుకెళ్ళి, పుస్తకాలు బిగించే ప్రెస్సులో పెట్టి రెండంటే రెండే చుట్లు తిప్పాడు. సరిగ్గా ఆ సమయానికి లాయరుగారి గుమాస్తా వచ్చాడు.

"మా కేసు పుస్తకాలు అయ్యాయా అండీ?"

"ఒక్క అరగంట. ప్రెస్సులో వేరే పని ఉంది," అంటూ బైండరు ప్రెస్సు విప్పి ఆరు పొట్లాలు తీశాడు. పొట్లాలు విప్పాడు. సూదిలోకి మైనం పట్టించిన దారం ఎక్కించాడు.

గుమాస్తా కాసేపు చూశాడు. "ఏమిటండీ ఇవి?"

"బంగాళాదుంపలు."

గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. "ఎవరివండీ?"

"మా అమ్మాయివి. ఒంటిగంటకల్లా ఇవ్వాలి."

"గట్టి బైండింగేనా?"

"కాదు, ఉత్త కుట్టే. అట్టలు ఉండవు," అన్నాడు బైండరు తల ఎత్తకుండా. ఆయన ధ్యాసంతా ముడి మీద ఉంది.

గుమాస్తా చప్పుడు కాకుండా వెనక్కి నడిచి వీధిలోకి వచ్చాడు. మంచివాడు. కూతురు వెళ్ళిపోయిన దిగులుతో మనిషి ఇలా అయ్యాడనుకున్నాడు. వెంటనే బైండరు భార్యకు ఫోన్ చేశాడు. "అమ్మా, కంగారు పడకండి. ఆయన దుంపలకు బైండింగు చేస్తున్నారు. అడిగితే మీ అమ్మాయి ఇచ్చిన పని అంటున్నారు."

కంగారు పడకండి అన్నాక పడకుండా ఎవరుంటారు? ఆవిడ వెన్న సంగతి వదిలేసి కూతురికి ఫోన్ చేసింది. "మీ నాన్నకు ఏదో అయిందే. దుంపలకు సూదీ దారం పట్టుకున్నాడట. నువ్వు వెంటనే రా."

ఇక్కడ బైండరు దుంపలు పైకి తెచ్చి, వెన్న కోసం చూసి చూసి, నూనె రాసి ఆరు దుంపలనూ ఓవెన్‌లో పెట్టేశాడు. కుట్టు అమోఘంగా కుదిరింది. మైనం సంగతే మరిచిపోయాడు. ఇరవై నిమిషాలయ్యేసరికి అది కరిగి, ట్రే మీద పడి, నల్లగా పొగ మొదలైంది. కిటికీలు తెరిచి తువ్వాలుతో పొగను బయటికి తోలుతూ, దగ్గుతూ, దుంపలు మాడకుండా బయటికి తీస్తూ ఉండగా తలుపు ధడాలున తెరుచుకుంది.

ముందు కూతురు, వెనక తల్లి, వాళ్ళ వెనక మెట్ల మీద తగినంత దూరంలో గుమాస్తా.

"నాన్నా! నన్ను గుర్తుపట్టావా?" అంది అమ్మడు ఆయాసపడుతూ. కళ్ళనిండా నీళ్ళు.

బైండరు ఆశ్చర్యపోయాడు. "గుర్తుపట్టకపోవడమేమిటి? ఒంటిగంటకు కదా వస్తానన్నావు?"

"ఇవాళ ఏ వారం?"

"సోమవారం. ఏం, నీకేమైనా ఒంట్లో బాగాలేదా?"

కూతురు ఊపిరి పీల్చుకుంది. మనిషి నిక్షేపంగా ఉన్నాడు. అప్పుడు ఆమె చూపు ట్రే మీద పడింది. ఆరు దుంపలు, ఆరింటికీ వీపున తీరైన కుట్టు, పక్కన బైండింగు కత్తి. భయం పోయినచోటికి కోపం వచ్చింది.

"ఓహో, ఇదా సంగతి! మీరు కోసేది ఏముంది, మేము కుడితే చూడు అని చూపిస్తున్నావా? నోటితో అనొద్దంటే చేత్తో అన్నావా నాన్నా?" తల్లి వైపు తిరిగింది. "అమ్మా, నేను వెళుతున్నా."

"అది కాదు తల్లీ..." అన్నాడు బైండరు. తరవాతి మాట పళ్ళ దగ్గరికి వచ్చింది. "వాన..." అని బయటపడింది. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు.

అమ్మడు గుమ్మం దాటబోతుంటే గుమాస్తా అడ్డం వచ్చాడు. చేతుల్లో గోనెసంచీ. అందులో దుంప బిళ్ళలు కనబడితే, డాక్టరుకు చూపించడానికి పనికొస్తుందని కింద నుంచి మోసుకొచ్చాడు.

"ఇంకా ఉన్నాయమ్మా," అన్నాడు జాలిగా. "ఇవి కుట్టనివి."

బైండరు సంచీ లాక్కోబోయాడు. అమ్మడు అప్పటికే చెయ్యి పెట్టింది. కాగితపు ముక్కల మధ్య నుంచి గుప్పెడు బిళ్ళలు తీసింది. ఇంకో గుప్పెడు తీసింది. వెలుతురుకు పెట్టి చూసింది. అన్నీ ఒకే మందం. అన్నీ అడుగు దాకా తెగినవే.

"ఎన్ని పాడుచేశావు?"

"పద్నాలుగు," అన్నాడు బైండరు నేల చూస్తూ. "ఆ ఆరూ కలిపితే ఇరవై. చెయ్యి ఆగలేదమ్మా."

అమ్మడు గుమ్మంలోనే మెట్టు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది.

"నేను చేరిన మొదటి వారం ఒక బకెట్టు నిండా దాచాను నాన్నా. ఎంత చూసుకున్నా కత్తి అడుగు దాకా పోయేది. పనిలోంచి తీసేస్తారనుకున్నా. మా పెద్ద వంటావిడ ఆ బకెట్టు పట్టేసింది. అందులోంచి ఒక బిళ్ళ తీసి చూసి, ఇంత సమానంగా కొయ్యడం నీకెవరు నేర్పారే అని అడిగింది. పుల్లలు పెట్టుకోవడం కూడా ఆవిడే చెప్పింది."

"నువ్వేమన్నావు?"

ఆమె నవ్వు ఆగిపోయింది. "ఎవరూ నేర్పలేదన్నాను."

గదిలో పొగ ఇంకా పలచగా తిరుగుతోంది. ఆ మాట బైండరుకు సూటిగా తగిలింది. పన్నెండేళ్ళు పక్కన కూర్చోబెట్టుకుని, వేలు పట్టి నేర్పిన కోత అది. ఆయనకు కోపం రాలేదు. ఆ జవాబు కూతురి నోట పెట్టింది తనేనని తెలిసింది, అంతే.

"అలా అనక ఏం చేస్తావు?" అన్నాడు. "ఆ పని ఎవరైనా చేస్తారని నేనన్నాను. ఇవాళ పొద్దుటి నుంచీ చేస్తున్నా, ఒక్కటి రాలేదు. తప్పు నాదే తల్లీ."

మాట వచ్చేసింది. వచ్చాక చూస్తే అంత పెద్దదేం కాదు. దీనికా రెండేళ్ళు పట్టింది అని ఆయనకే సిగ్గేసింది.

"మీ చేతికే కాదండీ, మీ మాటకూ మధ్యలో ఆగడం రాదు," అంది భార్య ముక్కు తుడుచుకుంటూ. "అదీ అడుగు దాకా తెగుతుంది."

అమ్మడు లేచింది. గుమ్మం వైపు కాదు, బల్ల వైపు నడిచింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. రెండేళ్ళుగా ఖాళీగా ఉన్న ఆ కుర్చీ చప్పుడు విని తల్లి గబగబా పళ్ళేలు పెట్టింది. గుమాస్తాకు కూడా ఒక పళ్ళెం పెట్టింది. కేసు పుస్తకాల సంగతి అతను మళ్ళీ ఎత్తలేదు.

కూతురు ఒక దుంప వేసుకుని, కత్తెరతో కుట్టు తెంపి, దారం పక్కన పెట్టింది. అంచు కొరికితే కరకరమని శబ్దం వచ్చింది. నిదానంగా నమిలింది. బైండరు ఆమె ముఖంలోకి చూస్తున్నాడు. ఇప్పుడిక అంతా బాగానే ఉంటుంది, ఏదో ఒక మంచి మాట అంటుంది.

"అంచులు బాగా వేగాయి. మైనం వాసన కొడుతోంది. ఉప్పు వెయ్యనే లేదు," అంది అమ్మడు. "మా దగ్గరైతే ఇది నేరుగా చెత్తబుట్టలోకి పోతుంది. ఇంత మంచి చెయ్యి పెట్టుకుని ఎందుకు నాన్నా?"

భార్య భర్త వైపు చూసింది. గుమాస్తా పళ్ళెంలోకి చూసుకున్నాడు. ఆ కోతతోపాటు ఇంకేం నేర్పాడో బైండరుకు అప్పుడు తెలిసింది. ఏదో అనబోయి నోరు తెరిచి, మూసుకుని, ఉప్పు తేవడానికి లేచాడు.

రెండడుగులు వేసి ఆగి, అది ఎక్కడ ఉంటుందని భార్యను అడిగాడు.