బాబాయి ఇంగ్లీషుకు పిన్ని గొంతు

ఆ ఉదయం బాబాయి వేసుకున్న పథకం చాలా చిన్నది. నల్లకోటు తొడుక్కుని, హాలు గుమ్మంలో నిలబడి, లోపలికి వచ్చే ప్రతి ఒక్కరితో "ఐయామ్ సారీ ఫర్ యువర్ లాస్" అనాలి. మీవాళ్ళు పోయినందుకు నాకూ బాధగా ఉందని దాని అర్థం. సరిగ్గా అంటే ఉద్యోగం ఉంటుంది. అనలేకపోతే రేపటినుంచి శవపేటికలు మోసే వ్యాను కడుక్కోవాలి.

అంత్యక్రియలు జరిపించే ఆ సంస్థలో బాబాయి తలపండిన ఉద్యోగి. ఈమధ్య అక్కడికి విదేశీ కుటుంబాలు రావడం ఎక్కువైంది. కిందటి నెల బాబాయి ఒక ముసలాయనకు చేయి కలిపి, ఎంతో గౌరవంగా, "హ్యాపీ జర్నీ" అన్నాడు. ఆ రోజునుంచి యజమానికి కంటిమీద కునుకు లేదు.

అప్పుడు బాబాయి అన్న కూతురు రంగంలోకి దిగింది. ఎవరి పనికి కావలసిన ఇంగ్లీషు వాళ్ళకు నేర్పే యాప్‌లు తయారుచేయడం ఆమె వృత్తి. నర్సులకు ఒకటి చేసింది, లిఫ్టు మెకానిక్కులకు ఒకటి చేసింది. బాబాయి వెనకే తిరిగి, ఆయన రోజూ ఎవరితో ఏం మాట్లాడాల్సి వస్తుందో విని రాసుకుంది.

"బాబాయ్, నీకు ఇంగ్లీషంతా అక్కర్లేదు. హాల్లో పనికొచ్చే ముక్కలు చాలు. ఫోను జేబులో ఉంటుంది. నువ్వు తప్పు చెప్తే అదే దిద్దుతుంది."

"ఎవరు దిద్దేది? ఆ డబ్బాలో ఆవిడేనా? ఆవిడ మాట వింటే నాకు నిద్రొస్తోందే తల్లీ!"

అసలు చిక్కు అదే. మొదట పెట్టిన మర గొంతును బాబాయి రెండో రోజే నొక్కేశాడు. అన్న కూతురు చాలా ఆలోచించింది. పెళ్ళయిన దగ్గర్నుంచి బాబాయి ఎదురు చెప్పకుండా విన్న గొంతు లోకంలో ఒక్కటే ఉంది. నేరుగా వంటింట్లోకి వెళ్ళింది.

"ఏమనమంటావే?" అంది పిన్ని చేతులు తుడుచుకుంటూ.

"బాబాయి తప్పు చేస్తే ఏమంటావో అదే అను పిన్నీ. నేను రికార్డు చేసుకుంటా."

పిన్ని మొదలుపెట్టింది. మధ్యలో ఫోను ఛార్జింగుకు పెట్టుకోవలసి వచ్చింది.

ఆ గొంతుతో బాబాయి చదువు పరుగెత్తింది. అయితే చెవిలో తీగ పెట్టుకుని శవం ముందు నిలబడటానికి యజమాని ఒప్పుకోలేదు. అందుకని హాల్లోకి వెళ్ళేముందు యాప్‌లో ఒక మీట నొక్కాలి. అప్పుడు ఫోను మాట్లాడదు, తప్పు దొర్లితే జేబులో వణుకుతుంది, అంతే. ఆ ఉదయం వాక్యం వల్లెవేసుకునే హడావుడిలో బాబాయి మీట సంగతి మరిచిపోయాడు.

హాలు నిశ్శబ్దంగా ఉంది. తెల్లపూల మధ్య పేటిక. దూరదేశపు వాళ్ళు బరువుగా అడుగులు వేస్తూ వస్తున్నారు. అందరికంటే ముందు పోయినాయన అక్కగారు, చేతికర్రతో. బాబాయి తల వంచాడు.

"ఐయామ్ సారీ... ఫర్ మై లాస్."

జేబు గొంతెత్తింది.

"మళ్ళీ అదే తప్పా? ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు? చెప్పీ చెప్పీ నా నోరు పడిపోతోంది! గొంతులో ఏడుపేదీ? అవతల మనిషి పోతే మీకు చీమ కుట్టినట్టయినా లేదా?"

హాలంతా కొయ్యబారిపోయింది. బాబాయి జేబులో చేయిపెట్టి ఫోను పీకాడు. అది జారి పూలకుండీ నీళ్ళలో పడింది. "అయ్యో నా ఖర్మా..." అంటూ పిన్ని గొంతు బుడగలుగా మారి, సన్నబడి, ఆగిపోయింది.

అక్కగారి కళ్ళు ధారలు కట్టాయి. ఆమెకు తెలుగు రాదు. యజమాని చేయి పట్టుకుని, ఆ పాడిన స్త్రీ ఎవరని ఇంగ్లీషులో అడిగింది. ముఖాన నెత్తురుచుక్క లేని యజమాని నోటికొచ్చింది చెప్పాడు: అది పోయినవారి కోసం మేము వినిపించే శోకగీతం.

ఆమె మరీ గట్టిగా ఏడ్చింది. తమ్ముడు పోయిన దగ్గర్నుంచి తనకు ఏడుపే రాలేదని, ఆ గొంతు విన్నాకే గుండె కరిగిందని చెప్పింది. పేటిక కదిలేలోగా ఆ గాయని స్వయంగా వచ్చి పాడితే చాలని బతిమాలింది.

యజమాని బాబాయిని మూలకు లాక్కెళ్ళాడు. "ఎవరయ్యా ఆవిడ?"

"మా ఆవిడండీ."

"పాడుతుందా?"

"నాతో మాట్లాడుతుందండీ."

"అదే చాలు. ఆవిడ రాకపోతే నీకు వ్యాను కూడా ఉండదు, చూసుకో!"

బాబాయి ఫోను నీళ్ళలో ఉంది కాబట్టి యజమానే చేశాడు. "అమ్మా, అంత్యక్రియల ఆఫీసు నుంచి. మీ ఆయన ఇక్కడే ఉన్నాడు. వెంటనే రండి," అని పెట్టేశాడు.

పిన్ని గాభరాగా బాబాయి నంబరుకు చేసింది. మోగలేదు. ఇంకోసారి చేసింది. మోగలేదు.

ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి లేకుండా హాల్లోకి వచ్చిపడింది. పేటిక చూసింది. దాని మూతమీద తల ఆనించి, "నన్నొదిలేసి ఎలా వెళ్ళారండీ! పొద్దున కూడా తిట్టే పంపానే!" అని ఘొల్లుమంది. దూరదేశపు వాళ్ళంతా లేచి నిలబడ్డారు.

"ఏమేవ్," అన్నాడు బాబాయి వెనకనుంచి, మెల్లగా. "నేనిక్కడున్నానే."

పిన్ని తిరిగి చూసింది. ఆయన ముఖాన్ని రెండు చేతులతో తడిమింది. నిజంగానే వెచ్చగా ఉంది. అప్పుడు అందుకుంది.

"ఫోనెందుకు ఎత్తరు? నా గుండె ఆగిపోతే మీకు అన్నం ఎవరు పెడతారు? కోటేసుకోగానే దొరలైపోయారా?" రికార్డులో పట్టనిదంతా ఇప్పుడు బయటికొచ్చింది. అక్కగారు, ఆమె వెనకున్న బంధువులందరూ వెక్కివెక్కి ఏడ్చారు. యజమాని కూడా కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

బాబాయి నోట్లో ఉన్నది ఒక్కటే వాక్యం. పెళ్ళాం చేతులు పట్టుకుని, వణుకుతున్న గొంతుతో, "ఐయామ్ సారీ ఫర్ యువర్ లాస్" అన్నాడు. ఎక్కడా పొల్లు పోలేదు.

పిన్ని ముక్కు చీదింది. "ఇప్పుడొచ్చింది గొంతులో ఏడుపు," అంది.

అందరూ వెళ్ళిపోయాక యజమాని బాబాయి భుజం తట్టాడు. "నీ ఉద్యోగానికి ఢోకా లేదయ్యా. ఇకనుంచి వచ్చిన ప్రతి కుటుంబానికీ ఆవిడ గొంతు వినిపించాల్సిందే. నువ్వు ఎప్పటిలాగే తప్పు మాట్లాడు, చాలు."

బాబాయి బిక్కముఖం వేశాడు. "అదేనండీ... ఇందాకట్నుంచి ఎంత ప్రయత్నించినా తప్పు రావట్లేదు."

పిన్ని వెనకే పరుగెత్తుకొచ్చిన అన్న కూతురి వైపు ముగ్గురూ చూశారు. ఆమె కొత్త ఫోను తీసుకుని, యాప్‌లో ఒకే ఒక్క మార్పు చేసింది: ఇకమీదట బాబాయి సరిగ్గా మాట్లాడితే పిన్ని తిడుతుంది.