ఇనుప జంతువుల తోటకు ఆఖరి రోజు

ఆ రోజు ఉదయం ఎల్డన్ హౌగెన్ తనకు తానే ఒట్టు పెట్టుకున్నాడు. ఈసారి ఆగి తీరాలి. నెబ్రాస్కా నుంచి పిల్లల్ని వెనక సీట్లో కుక్కుకుని ఏటా అత్తగారింటికి వెళ్లిన రోజుల్లో, సౌత్ డకోటా హైవే పక్కనున్న ఇనుప జంతువుల తోట దగ్గర ఒక్కసారి ఆపమని భార్య వర్నీస్ అడుగుతూనే ఉండేది. ఎవరో రైతు పాత ట్రాక్టర్ల ఇనుముతో చేసిన ఏనుగులూ ఒంటెలూ. ఎల్డన్‌కు ఎన్ని గంటల్లో చేరామన్నదే లెక్క. ట్యాంకు ఖాళీ అయితే తప్ప కారాపడం అతని ఇంటా వంటా లేదు. ఇప్పుడా తోట సాయంత్రం నాలుగింటికి శాశ్వతంగా మూతపడుతోంది.

ఆ రోజుల్లో వర్నీస్ ఒళ్లో మ్యాపు పరుచుకుని, వచ్చిన ప్రతి ఊరి పేరూ పైకి చదివేది. ఇప్పుడు ఆమె ఫోనే దారి చెబుతోంది. పని పోయిన మనిషి ఏం చేస్తుంది? వెనక సీట్లో దుప్పటి కప్పుకుని పడుకుంది. ఒకటీ నలభైకి చేరతారని ఫోను చూపించింది. యాభై ఏళ్లుగా స్టీరింగ్ పట్టిన మనిషికి అది సవాలులా తోచింది. ఒకటిన్నరకే చేరి చూపిస్తాననుకున్నాడు.

పెట్రోలు బంకులో నాలుగు నిమిషాల్లో పని ముగించుకుని బయల్దేరాడు. అద్దంలో చూస్తే వెనక దుప్పటి ముద్ద అలాగే ఉంది. మనసు మెత్తబడింది.

"తప్పంతా నాదే వర్నీస్. ఒక్క పావుగంట ఆగితే నా సొమ్మేం పోయేది?"

దుప్పటి బదులు చెప్పలేదు. కోపం కాబోలనుకుని ఇరవై మైళ్లు క్షమాపణ చెప్పుకున్నాడు. చిన్నకూతురు కార్లోనే వాంతి చేసుకున్నా ఆపని సంగతి కూడా ఒప్పుకున్నాడు. చివరికి చెయ్యి వెనక్కి చాపితే దుప్పటి చేతికొచ్చింది. దాని కింద వర్నీస్ లేదు.

వెనక్కి తిరిగే దారి ఇంకో పద్దెనిమిది మైళ్ల తర్వాత గానీ లేదు. అంత ఓపిక లేక రెండు రోడ్ల మధ్య గడ్డిలోంచి కారు తిప్పాడు. గడ్డి కింద బురద ఉంది. చక్రాలు సగానికి దిగబడ్డాక పోలీసు వచ్చాడు. పెళ్లాం బంకులో ఉండిపోయిందని ఎల్డన్ మొత్తుకున్నాడు.

"ఏ ఊళ్లో బంకు, పెద్దాయనా?"

ఎల్డన్ ఫోను వైపు చూశాడు. ఊరి పేర్లు చదివే మనిషి నిద్రపోయింది. ఫోను తిన్నగా వెళ్లమందే తప్ప ఏ ఊరి మీదుగానో చెప్పలేదు.

కారును బురదలోంచి లాగేసరికి రెండున్నర. రెండు బంకులు తిరిగి మూడోదాంట్లో ఆచూకీ దొరికేసరికి మూడుంపావు. ఫోన్ చేసుకోమని తనది ఇచ్చినా ఆవిడకు సొంత నంబరే నోటికి రాలేదని అక్కడి అమ్మాయి చెప్పింది. ఒకప్పుడు వర్నీస్‌కు చుట్టాలందరి నంబర్లూ కంఠతా వచ్చేవి.

"గంటసేపు చూశారండీ. తోటకెళ్లే చర్చి బస్సొకటి వస్తే ఎక్కేశారు. మిమ్మల్ని తొందరపడి రావద్దన్నారు."

తొందరపడే వెళ్లాడు. అయినా చేరేసరికి నాలుగూ పది. గేటుకు గొలుసు వేస్తున్న ముసలామె పక్కన వర్నీస్ నిలబడి నవ్వుతోంది. ఆమె అలా నవ్వగా చూసి ఎన్నేళ్లయిందో ఎల్డన్‌కు గుర్తు రాలేదు. అయిదు నిమిషాలు లోపలికి పంపమని బతిమాలాడు. పాత ఇనుము కొన్నవాళ్లు అప్పుడే విప్పడం మొదలుపెట్టారని, ఎవర్నీ పంపడానికి లేదని ముసలామె చెప్పింది. కంచె సందుల్లోంచి ఏనుగు వీపు మాత్రం కనిపించింది. వర్నీస్ పక్కన నిలబడి చూడాలనుకున్నాడు. ఇక ఆ అదృష్టం లేదు.

"ఈయనెవరమ్మా?" అంది ముసలామె తాళం వేస్తూ.

"నా కారు నడుపుతాడు," అంది వర్నీస్.

కాదనడానికి ఎల్డన్ దగ్గర సాక్ష్యమేమీ లేకపోయింది.