పంతులుగారి ఒంటికాలు

ఆ రోజు పొద్దున జ్ఞానరాజు పంతులు అనుకున్న పని చాలా చిన్నది. ఊళ్ళో పొయ్యిలు రాజుకోకముందే ఓర్వకల్లు బండల మీదికి పోవాలి, కాసేపు ఒంటికాలి మీద నిలబడాలి, ఎవరి కంటా పడకుండా ఇంటికొచ్చి అంబలి తాగాలి.

ఆయన మిషన్ బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. భార్య జీవమ్మ పోయాక మోకాళ్ళు బిగుసుకుపోయాయి. చర్చిలో అందరూ మోకరిస్తుంటే ఆయన ఒక్కడే బల్ల మీద కూర్చుండిపోయేవాడు. వచ్చే ఆదివారం జీవమ్మ జ్ఞాపకార్థ ప్రార్థన. ఆనాడైనా ఆమె మోకరించే చోట తానూ మోకరించాలని ఆయన కోరిక. అహోబిలం పోతూ ఎండవేళ ఆయన అరుగు మీద సేదదీరిన ఒక యాత్రికుడు ఈ ఆసనాలు నేర్పి వెళ్ళాడు. "బలవంతం వద్దు. ఊపిరి ఎంత నిదానమో ఒళ్ళూ అంత నిదానం," అన్నాడు. అప్పటినుంచి పంతులుకు రాత్రిళ్ళు నిద్ర పడుతోంది. మెట్లు దిగేటప్పుడు మోకాళ్ళు గొణగడం తగ్గింది.

బండ ఇంకా రాత్రి చల్లదనాన్ని దాచుకునే ఉంది. పంతులు ఒక పాదం రెండో తొడకు ఆనించి, జోడించిన చేతులు తలపైకెత్తి, కళ్ళు మూశాడు. గాలి పంచె అంచును మెల్లగా కదిపింది. ఊపిరి వస్తూ పోతూ ఉంటే, ఒంటి బరువును ఎవరో అడిగి తీసుకున్నట్లు తేలికగా ఉంది. ఎంతసేపు గడిచిందో తెలియలేదు.

మేకలు తోలుకొచ్చిన మల్లక్క ఆయన్ని చూసింది. ఆషాఢం సగమైనా చినుకు రాలని ఏడు అది. చేతులెత్తి ఒంటికాలి మీద నిలబడిన మనిషికి ఇంకేం పని ఉంటుంది? ఊళ్ళోకి పరుగెత్తింది.

"ఈరన్నా! పంతులు వాన కోసం తపస్సు చేస్తాండాడు!"

"కిరస్తానపాయన గదక్కా, ఆయనెందుకు చేస్తాడు?" అన్నాడు తప్పెట కొట్టే చిన్న ఈరన్న.

"కిరస్తానోళ్ళ చేలు ఎండలేదా యేం? దా, తప్పెట తీస్కో!"

తప్పెట మోతకు పంతులు కళ్ళు తెరిచాడు. బండ చుట్టూ ఊరు. ముందు వరసలో టెంకాయలు. గాభరాగా కాలు దించబోయాడు.

"దించొద్దు సామీ! అదో, పడమట మబ్బు వస్తాండాది!" అని అరిచింది మల్లక్క.

నిజంగానే అరచేతంత మబ్బు ఒకటి తోవ తప్పి వచ్చింది.

"అమ్మా, ఇది వాన కోసం కాదు, నా మోకాళ్ళ కోసం," అన్నాడు పంతులు.

"సూసినారా, చేసే మేలు గూడా చెప్పుకోడు!" అంది మల్లక్క.

తిమ్మిరెక్కి పంతులు కాలు మార్చాడు. "రెండో కాలు గూడా మొక్కుకున్నాడప్పా!" అని జనం దండాలు పెట్టారు.

కబురు చర్చికి చేరేసరికి పంతులు మతమే మారిపోయింది. భారీ మనిషి పాస్టరు దావీదురాజు, చెమటలు కక్కుతూ బండెక్కాడు.

"ఏమప్పా జ్ఞానరాజూ, ముసలితనంలో మునివైనావా?"

"మోకాళ్ళ నొప్పికి, అయ్యగారూ."

"నొప్పి ఉండేవాడు కూసుంటాడు గానీ ఒంటికాలి మింద నిలబడతాడా? ఆదివారం జీవమ్మ ప్రార్థన నేను చేయను, పో."

పంతులు కాలు దించేశాడు. "అయ్యా, ఆ పొద్దు మోకరించాలనే ఇదంతా!"

"అట్లయితే ఇప్పుడే మోకరించు. సూస్తా."

అప్పటిదాకా పంతులు ప్రయత్నించి చూడనేలేదు. ఊపిరి వదులుతూ, నీళ్ళలోకి దిగినట్లు, మెల్లమెల్లగా వంగాడు. రెండు మోకాళ్ళూ బండను తాకాయి. నొప్పి లేదు. పక్కన జీవమ్మ గంజిచీర సవ్వడి వినిపించినట్లయింది. కళ్ళు మూసుకున్నాడు, పెదవులు వాటంతటవే కదిలాయి.

"తపస్సు మారిందప్పో!" అని చిన్న ఈరన్న తప్పెట పక్కన పెట్టి మోకాళ్ళూనాడు. మల్లక్క ఊనింది. ఊరంతా ఊనింది. మేకలు మాత్రం నిలబడి ఉన్నాయి.

పాస్టరు తిరిగి చూశాడు. ఇన్నేళ్ళ ప్రసంగాలకు తల కూడా ఊపని ఊరు ఆయన ముందు మోకాళ్ళ మీద ఉంది. తనకు తెలియకుండానే తానూ కూలబడినట్లు మోకరించి, దీర్ఘంగా ప్రార్థన చేశాడు. ఆమేన్ అన్నాక అందరూ లేచారు. పంతులు చెయ్యి ఊనకుండా లేచాడు. పాస్టరు లేవలేదు.

"జ్ఞానరాజూ," అన్నాడు పళ్ళు బిగబట్టి, "ఆదివారం ప్రార్థన చేస్తాలే. ముందు నన్ను పైకి లేపప్పా."

ఆదివారం జీవమ్మ ప్రార్థన జరిగింది. పంతులు ఆమె చోటనే మోకరించాడు. పాస్టరు మాత్రం నిలబడే చేశాడు.